అంకమ్మవ్వ తాడు

కొండలకి ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో, ఒక కొండ కింద ఒక ఊరు ఉండేదట. ఊరి చుట్టూ చిట్టడవి. ఆ చిట్టడవి నిండా దేవాంగ పిల్లులు. పేరుకి పిల్లులే గానీ పిల్లి పోలిక ఒక్కటీ లేదు. పిడికెడు ఒళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళు, ముఖమంతా కళ్ళు. పగలు పడుకుంటాయి. దీపాలు పెట్టే వేళకి లేచి, కొమ్మ మీంచి కొమ్మ మీదికి మెల్లగా, మరీ మెల్లగా నడుస్తాయి. నేల మీద దిగడమంటే వాటికి చావే.

ఆ ఊళ్ళో అంకి అని ఒక ఆడమనిషి. కలబంద నారతో తాళ్ళు పేనేది. ఆమె తాడు లేనిదే బావిలో చేద దిగదు, గాట్లో ఎద్దు నిలవదు. అయినా ఆమెని ‘అంకమ్మా’ అని పిలిచిన నోరు ఒక్కటీ లేదు. అంకీ, తాడు తే. అంకీ, పక్కకి జరుగు. అంతే.

ఒక ఏడు ఊరి పెద్ద గంగులప్ప మనవడికి జ్వరం వచ్చింది. చెట్ల మీది ఆ కళ్ళ దిష్టే తగిలిందన్నాడు గంగులప్ప. దిష్టి తీయడానికి ఎవరికైనా పిడికెడు ఉప్పు చాలు. ఆయనకి చాలలేదు, గొడ్డళ్ళు తీయించాడు. చిట్టడవి కొట్టారు. కొట్టింది కాల్చారు. కాల్చిన చోట కొర్ర చల్లారు. కిందపడ్డ దేవాంగ పిల్లుల్ని కుక్కలు పట్టుకున్నాయి. బతికినవి కొండ అంచున ఉన్న రేల చెట్టుకి చేరాయి. ఊరివైపు మిగిలింది అంకి గుడిసె వెనక కానుగ చెట్టు ఒక్కటే.

పిల్లవాడి జ్వరం తగ్గింది. ఆ సాయంత్రం నుంచే ఊళ్ళో ఎవరికీ కళ్ళు మూతపడలేదు.

మొదట్లో ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. తర్వాత నవ్వులు ఆగిపోయాయి. చీకటి పడితే ఎవరి గడపలో వాళ్ళు కూర్చునేవాళ్ళు. దీపాలు ఆరిపోయినా గడప గడపలోనూ కళ్ళు మెరుస్తూ ఉండేవి. ముసలివాళ్ళు కొందరు పోయారు. వాళ్ళకీ కళ్ళు మూతపడలేదు.

అంకి కూతురు చెంచికి అప్పుడే ఆడపిల్ల పుట్టింది. ఆ బిడ్డ ఏడవదు, పాలు తాగదు, నిద్రపోదు. కొండవైపు చూస్తూ పడుకుని ఉంటుంది. ఒళ్ళు చిక్కిపోతోంది, కళ్ళు మాత్రం పెద్దవవుతున్నాయి.

“అమా, ఇది నా బిడ్డ మాదిరి లేదు,” అంది చెంచి. ఈ బిడ్డ ఇంకెన్నాళ్ళో బతకదని అంకికి తెలిసిపోయింది.

ఆ పొద్దు గూకే వేళ నార కోసం కొండకి వెళ్ళిన అంకి, రేల చెట్టు కింద ఆగిపోయింది. కొమ్మ మీద దేవాంగ పిల్లులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. మేలుకోవలసిన వేళ, అన్నీ కళ్ళు మూసుకున్నాయి. కొమ్మ పట్టుకుని ఊపింది. కదల్లేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది. అప్పుడర్థమైంది ఆమెకి. ఇన్నేళ్ళూ ఊరు పడుకుంటే ఊరి చుట్టూ మేలుకున్నవి ఇవే. ఇవి పడుకున్నాయి, వీటి మెలకువ వచ్చి ఊరి మీద పడింది.

దిగివచ్చి, అవి మళ్ళీ ఊరి చుట్టూ మేలుకుంటేనే ఊరికి నిద్ర అని చెబుతూ ఇంటింటికీ తిరిగింది. ఒక మోపు నార ఇవ్వమంది. కాలిన చోట ఒక మొక్క నాటమంది. పొద్దు గూకగానే కుక్కని కట్టేయమంది. మొదటిసారి ఎవరూ వినలేదు. రెండోసారి పిచ్చిదన్నారు. మూడోసారికి వెళ్ళి గంగులప్ప గడప ముందు నిలబడింది. తాత ఒళ్ళో మనవడు రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

“చెట్లు పెరిగేదానికి ఏండ్లు పడతాది గదే అంకీ. అందాకా బిడ్డలు బతుకుతారా?” అన్నాడు గంగులప్ప. ఆ గొంతులో వెనకటి పెద్దరికం లేదు.

“అందాకా తాడుంటాది అయ్యా. తాడు మీద వస్తాయి.”

గంగులప్ప లేచి, నార మోపు తానే భుజాన వేసుకున్నాడు. ఆయన వెనక ఊరు కదిలింది. మొక్కలు నాటేవాళ్ళు నాటారు, గుంజలు పాతేవాళ్ళు పాతారు. అంకి తాడు పేనింది. పేనింది, పేనింది, అరచేతులు పగిలేదాకా పేనింది. రేల చెట్టు నుంచి కానుగ చెట్టు దాకా గుంజల మీదుగా తాడు కట్టారు.

పొద్దు గూకింది. ఒక్కటీ రాలేదు.

అంకి కానుగ మొదట్లో కూర్చుని తాడు కొస చేతికి చుట్టుకుంది. కొండవైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది.

“మీరు మమ్మల్ని కాచినారు. మిమ్మల్ని కాచేవాళ్ళే లేకపోయిరి. మీ చెట్లు కొమ్మా కొమ్మా ఆనేదాకా నేను కాస్తా. రెప్ప వెయ్యను. నా బిడ్డ బిడ్డని పడుకోనీండి.”

తాడు ఒకసారి వణికింది. ఇంకోసారి వణికింది. మూడోసారి, చల్లని బుల్లి చెయ్యి ఒకటి వచ్చి ఆమె చేతి మీద ఆనింది. గుడిసెలో బిడ్డ ఆవులించి కళ్ళు మూసుకుంది. ఊళ్ళో గడప గడపలోనూ మెరుపులు ఆరిపోయాయి.

ఆ తర్వాత అంకి నిద్రపోగా చూసినవాళ్ళు లేరు. పగలు మొక్కలకి నీళ్ళు మోసేది. పొద్దు గూకితే కానుగ కింద కూర్చునేది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆమె ఒళ్ళు పిడికెడైంది, ముఖమంతా కళ్ళయ్యాయి. ఆ కళ్ళలోకి చూడాలంటే సొంత కూతురికే భయమేసేది.

కొండ చెట్టు నుంచి ఊరి చెట్టు దాకా కొమ్మా కొమ్మా ఆనిన మర్నాడు, అంకి కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. చేతికి తాడు చుట్టుకునే ఉంది. చెంచి తల్లి కళ్ళు మూయబోయింది. మూతపడలేదు. పండు ముసలి గంగులప్ప వచ్చి, “అంకమ్మా, ఇంక పడుకో తల్లీ,” అని ఏడుస్తూ మూయబోయాడు. మూతపడలేదు. మూడోసారి అంకి మనవరాలు చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది.

“వద్దు తాతా. అవ్వ ఇంకా కాస్తా ఉంది.”

అలాగే ఉంచి, కానుగ కిందే పూడ్చారు.

ఆ తాడు ఎప్పుడో చివికిపోయింది. కానీ ఇప్పటికీ ఆ ఊళ్ళో పొద్దు గూకితే కుక్కల్ని కట్టేస్తారు. చిట్టడవిలో ఎక్కడ కొమ్మకీ కొమ్మకీ మధ్య ఖాళీ కనిపించినా ఒక మొక్క నాటి, అది ఎదిగేదాకా తాడు కడతారు. బిడ్డ నిద్రపోకపోతే తల్లి ఇంత నార తీసుకుని, అరచేతుల మధ్య పేని ఊయలకి కట్టి, “అంకమ్మవ్వా, నువ్వు మేలుకో, మా బిడ్డ పడుకుంటాది,” అంటుంది. బిడ్డ పడుకుంటుంది.

ఆ తర్వాత మాత్రం ఏ తల్లీ కానుగ చెట్టువైపు చూడదు. కొమ్మల మీద బుల్లి కళ్ళు చాలానే ఉంటాయి, వాటికేం భయం లేదు. ఒక జత మాత్రం కింద, చెట్టు మొదట్లో, మనిషి కూర్చున్నంత ఎత్తులో ఉంటుంది. ఆ కళ్ళు రెప్ప వేయవు.