గౌరునాయుడు గారి పేరు పెట్టిన హాలు

అమ్మా, స్తంభం పక్కన కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకు జరగండి. వెనక నిలబడ్డ అయ్యలూ, మీరూ వచ్చి చాప మీద కూర్చోండి, చోటుంది. ఈ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు పెరుగుతుంది. భగవంతుడి సన్నిధిలో అరిచాడని తప్పు పట్టకండి. దగ్గరగా కూర్చుంటే అరవాల్సిన అవసరం తగ్గుతుంది.

మా గురువుగారు కూర్మదాసు స్వామివారికి ఒక అలవాటుండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాంలే నాయనా" అనేవారు. తర్వాత ఎప్పుడో, ఏ పని మధ్యలోనో, జవాబు మన కళ్ళ ముందు నిలబెట్టేవారు. ఒక ఏడు తవిటయ్య అనే శిష్యుడు పది సాయంత్రాలు వరసగా వచ్చి ఒకటే అడిగాడు. "స్వామీ, కోపం మహాపాపమంటారు కదా. నాకు పగలూ రాత్రీ కోపమే. చల్లారే మంత్రం ఏదైనా ఉపదేశించండి."

తవిటయ్య ప్రభుత్వ కట్టడాలు చూసే ఇంజనీరు. ఆ విద్య అతనికి చేతిలో పెట్టినవారు రౌతు గౌరునాయుడు గారు. ఆయన గురించి మీకు చెప్పాలి. పొద్దున్నే ఇద్దరు కూతుళ్ళకూ తనే జడలు వేసి, ఆ తర్వాతే పనిలోకి వెళ్ళే మనిషి. గోళ్ళలో సిమెంటు ఉండేది, జడ పాయ మాత్రం తప్పేది కాదు. ఆయన కట్టించిన ఏ బడికైనా, ఏ ఆసుపత్రికైనా స్లాబు గట్టిపడేదాకా కింద ఊతంగా నిలబెట్టిన సర్వి బాదులు తీసేసిన రోజున, భార్య పార్వతమ్మ గారినీ పిల్లలనూ వెంటబెట్టుకుని వచ్చేవారు. సరిగ్గా స్లాబు నడిమధ్యన చాప పరిచి, కారియరు విప్పి, నలుగురూ పులిహోర తినేవారు. మేస్త్రీలు నవ్వేవారు. చిన్న కూతురు ఒకసారి "ఇక్కడేంటి నాన్నా, దుమ్ము" అంది. "మన పిల్లలు కూర్చోని చోట ఊళ్ళో పిల్లల్ని కూర్చోబెట్టకూడదమ్మా" అన్నారాయన. అంతే. ఆ మాటకే ఆయన్ని బదిలీల మీద తొమ్మిది ఊళ్ళు తిప్పారు. చాదస్తుడన్నారు. పని సాగనివ్వడని పైవాళ్ళకు ఆకాశరామన్న ఉత్తరాలు రాశారు. ఎవరు రాశారో రాసినవాళ్ళకు తెలుసు, పైనున్న స్వామికీ తెలుసు.

ఆయన పోయిన ఏడాదికి ఆడపిల్లల హాస్టల్లో భోజనాల హాలు కట్టి, దానికి ఆయన పేరే పెట్టారు. కట్టింది పోలినాయుడు అనే కాంట్రాక్టరు. వర్ధంతి రోజుకల్లా లోపలి పనులు తెమిలి ప్రారంభం కావాలని, రెండు వారాలు ఉండాల్సిన బాదుల్ని ఏడో రోజునే లాగించేశాడు. అది ఒక పాపం. రెండోది వినండి. స్లాబు పోసేటప్పుడు ఆ సిమెంటు మాలులోంచే కాస్త తీసి, దిమ్మలు చేసి, బలం పరీక్షకు పంపాలి. పోలినాయుడు ఆ దిమ్మలకు మాత్రం వేరే గట్టి మాలు కలిపించాడు. మేస్త్రి తట్టుకోలేక తవిటయ్య చెవిలో వేశాడు: "పరీక్షకొక మాలు బాబూ, పిల్లల నెత్తికొక మాలు."

తవిటయ్య పైఅధికారి దగ్గరికి పరుగెత్తాడు. ఆయన కాగితాల మీంచి తలెత్తకుండా "మీ గురువు పేరున కట్టిన హాలుకు నువ్వే అడ్డా? ప్రారంభం వేళకు హాలు భద్రంగా ఉందని సంతకం పెట్టు, లేదా సామాను సర్దుకో" అన్నాడు. ఇదీ అతని కోపం. ఆ కోపం చల్లారితే ప్రశాంతంగా సంతకం పెట్టెయ్యొచ్చని అతని ఆశ.

ప్రారంభం రోజు రానే వచ్చింది. "నేనూ వస్తాను పద" అన్నారు, తవిటయ్య గోడంతా విన్న స్వామివారు. హాస్టలు ముందు పెద్ద షామియానా, దాని కింద కుర్చీలు. పోలినాయుడి భార్య, కోడలు, పట్టు లాగూ తొడిగిన మనవడు, అందరూ ముందు వరసలో ఉన్నారు. నూట ఇరవై మంది ఆడపిల్లలు మాత్రం హాల్లో, కొత్త స్లాబు కింద, వరసగా కూర్చుని ఉన్నారు. గుమ్మం మీద రెండు మేకులకు గౌరునాయుడు గారి పేరు రాసిన రేకు బోర్డు వేలాడుతోంది.

పోలినాయుడు మైకు అందుకున్నాడు. "గౌరునాయుడు గారు నాకు దేవుడండీ! ఏటి మనిషండీ ఆయన! స్లాబు కింద పెళ్ళాం పిల్లలకి వనభోజనాలు పెట్టీవోరు!" అని నవ్వించాడు. జనం చప్పట్లు కొట్టారు. బతికున్నన్నాళ్ళూ ఆ మనిషిని రంపాన పెట్టి, ఫోటో అయ్యాక దండ వేసే చేతులు! వాటిని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

స్వామివారు నెమ్మదిగా లేచారు. "మంచి ఆచారం గుర్తు చేశావు పోలినాయుడూ. దాన్ని మనమెందుకు మానాలి? మీ ఇంటివాళ్ళనందర్నీ లోపలికి తీసుకురా. మనవణ్ణి నడిమధ్యన కూర్చోబెట్టి నా చేత్తో అన్నం తినిపిస్తాను."

పోలినాయుడి నవ్వు ఆగిపోయింది. "లోపల ఉక్కగా ఉంటాది స్వామీ. బుడ్డోడికి జలుబు."

"జలుబు చేసినవాడికి ఉక్క మంచిదే కదయ్యా?"

జనం మళ్ళీ నవ్వబోయారు. పోలినాయుడు మనవణ్ణి ఎత్తుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. అది చూసి ఎవరూ నవ్వలేకపోయారు.

వేదిక మీదున్న పార్వతమ్మ గారు తవిటయ్య వైపు తిరిగారు. "బాబూ, మీ సారు ఉంటే ఇవాళ మమ్మల్ని ఈ హాల్లో కూర్చోబెట్టేవారా?"

తవిటయ్య చేతిలో కాగితం ఉంది, పెన్ను మూత తీసి ఉంది. అతను ఆమె ముఖం చూశాడు, లోపలున్న పిల్లల్ని చూశాడు. ఒక్కసారిగా కేక పెట్టాడు. "పిల్లల్ని బయటికి తియ్యండి! ముందు పిల్లల్ని తియ్యండి!" పైఅధికారి "ఏయ్, నీకు మతి పోయిందా?" అంటూ అడ్డం వచ్చాడు. తవిటయ్య ఆయన్ని భుజంతో తోసుకుని లోపలికి దూసుకెళ్ళి, ఒక్కొక్క పిల్లనూ చెయ్యి పట్టి బయటికి పంపాడు. తర్వాత ఆ కాగితం మీద, అందరూ చూస్తుండగా, 'ఈ స్లాబు కింద ఎవరూ ఉండరాదు' అని రాసి సంతకం చేశాడు.

పోలినాయుడు పార్వతమ్మ గారి దగ్గరికి చేతులు జోడించుకుంటూ వచ్చాడు. "వదినమ్మా, నలుగుర్లో పరువు పోతాది. నువ్వొక్క మాట చెప్పు." ఆమె ఒక కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కుని, పెద్ద కూతురు పట్టుకుంటే ఎక్కి, రేకు బోర్డును మేకుల మీంచి దించి చంకలో పెట్టుకున్నారు. "ఇది మా ఆయన పేరు. నేను ఇంటికి పట్టుకెళ్తున్నాను" అన్నారు.

తర్వాత పరీక్ష కోసం స్లాబు మీద ఇసుక బస్తాలు పేర్చారు. అనుకున్నదాంట్లో సగం పేర్చకముందే నడిమధ్యన బీట విచ్చింది. ఆ స్లాబు పగలగొట్టారు. తవిటయ్య సామాను సర్దుకోవాల్సి వచ్చింది, అదీ నిజమే.

కానీ మా గురువుగారి జవాబు ఆ రోజు తిరుగు దారిలోనే వచ్చింది. తవిటయ్య స్వామివారి పక్కన నడుస్తూ అడిగాడు. "స్వామీ, ఇంత కోపం జన్మలో రాలేదు. ఈ పాపం నాకు అంటుతుందా?"

స్వామివారు "కోపం సంగతి నాకు తెలీదు నాయనా. దాన్ని చల్లార్చమని పది సాయంత్రాలు నా దగ్గర కూర్చున్నావు. ఆ పది సాయంత్రాలూ ఆ పిల్లలు ఆ హాల్లోనే ప్రార్థన పాట నేర్చుకున్నారట" అన్నారు.

అమ్మలారా, అయ్యలారా, నేను చెప్పిందాంట్లో మిగతాదంతా మర్చిపోయినా పర్లేదు. ఒక పెద్దావిడ కుర్చీ ఎక్కి, తన భర్త పేరును తన చేత్తో దించి తీసుకెళ్ళిందే, ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. ఇంటికెళ్ళి ఒకరికి చెప్పండి. నెమ్మదిగా చెప్పక్కర్లేదు.