వైద్యుడి మెడ, గవరమ్మ సూది

కనకగిరి రాజ్యంలో గవరమ్మ ఒళ్లు పట్టడంలో పేరున్న మనిషి. పల్లకీ మోసే బోయీల భుజాలు బిగుసుకుపోతే, కండలో సన్నని సూది గుచ్చి ఆ పట్టు వదిలించేది.

అది ఆస్థాన వైద్యుడు వరదాచార్యులకు కంటగింపయింది. "ప్రభూ, సూది పొరపాటున ఊపిరితిత్తిలో దిగితే ప్రాణం పోతుంది. వైద్యుడు తప్ప ఇంకెవరూ మనిషి ఒంట్లో సూది గుచ్చకూడదని ఆజ్ఞ వేయండి" అన్నాడు. రాజు సరేనన్నాడు.

గవరమ్మ బతుకుతెరువు పోయింది. అయినా ఆమె రాజుకు దండం పెట్టి ఊళ్లోకి వెళ్లింది. చెవులు కుట్టే కంసాలికీ, పచ్చబొట్లు పొడిచే ఆడవాళ్లకీ, కాల్లో ముల్లు దిగిన ప్రతివాడికీ రాజాజ్ఞ విడమరిచి చెప్పింది.

తెల్లారేసరికి వైద్యుడి వాకిలి జాతరలా ఉంది. ఏడ్చే పసిపిల్లలు, కుంటుకుంటూ వచ్చిన రైతులు, "మోచేతి మీద నెమలిని పొడవండి అయ్యా" అంటూ చెయ్యి చాపే పడుచులు. పొమ్మందామంటే ఎవరి దగ్గరికి పంపాలి? ఇంకెవరూ చెయ్యకూడదని పట్టుబట్టింది తనే కదా!

వంగి వంగి నాలుగు రోజుల్లో ఆయన మెడ పట్టేసింది. తల పక్కకు వాల్చుకునే సభకు వచ్చాడు.

"ఆజ్ఞ మార్చండి ప్రభూ. పని నేర్చినవాళ్లు సూది పట్టుకోవచ్చు."

"మరి గవరమ్మో?" అన్నాడు రాజు.

"ఆమె చేతి పని నేను పరీక్షించాలి."

"అయ్యగారి భయం న్యాయమైందే ప్రభూ, పరీక్షించమనండి" అంది సభలో ఓ పక్కన నిలబడి ఉన్న గవరమ్మ. "ఎవరి మీద చేసి చూపించమంటారు?"

వైద్యుడు మెడ పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

"నా మీదే. తొందరగా కానివ్వు తల్లీ!"