జిప్పంటే భయపడిన తాయారు

అనగనగా, కాలవగట్టు మీద బస్సు ఆగే ఒక ఊళ్ళో, తాయారు అని ఒకామె ఉండేది. ఆమెకి జిప్పంటే భయం. ఈ మాట మొగుడితో అనలేదు, అత్తగారితో అనలేదు, తనలో తానైనా పైకి అనుకోలేదు. నవ్వకు మరి, నీకు బల్లంటే భయం లేదూ?

తాయారుకి కుట్టుపని ఎవరూ నేర్పలేదు బంగారం. పాత సంచి ఒకటి విప్పదీసి, ఎలా కుట్టారో చూసి, మళ్ళీ తనే కుట్టేసింది. ఆ తర్వాత ఇంక చెయ్యి ఊరుకోలేదు. ఓ చెవి కుక్కరు కూతల మీద, ఓ చెవి కొడుకు పండు చెప్పే ఎక్కాల మీద పెట్టి, మిషను తొక్కుతూనే ఉండేది. మొగుడి పాత లుంగీ పర్సయ్యేది. కిటికీ కర్టెను భుజాన వేసుకునే సంచయ్యేది. వాళ్ళత్తగారు అచ్చియ్యమ్మగారైతే, "ఈ ఇంట్లో ఆరేసిన చీర ఎండకముందే తీసి దాచుకోవాలమ్మా!" అనేది.

సంచులన్నిటికీ గుండీలే. జిప్పు లేదేమని ఎవరైనా అడిగితే, "జిప్పులు ఊరికే పాడైపోతాయండీ, మేం వేయం" అని గొప్పగా చెప్పేది. అసలు సంగతేమిటంటే, మొదట్లో ఒకసారి జిప్పు కుడుతుంటే సూది ఇనప పళ్ళ మీద పడి టప్పున విరిగింది. ముక్క చెంప పక్కనుంచి ఎగిరిపోయింది. ఆ రోజుతో సరి.

అప్పుడు ఒక శనివారం మధ్యాహ్నం, కండక్టరు నూకరత్నం బస్సు దిగి, తాయారు కుట్టిన సంచే పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏం సంచమ్మా ఇది! కాలవ లాకుల దగ్గర బస్సు ఎగిరింది, గుండీ ఊడింది, చిల్లరంతా సీట్ల కిందకి పోయింది. ఓ తాతగారైతే పాపం ఏరిపెడుతూ, ఏరిపెడుతూ, దిగాల్సిన ఊరే దాటిపోయారు!"

తాయారుకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"పనితనం మాత్రం బాగుంది పిల్లా. మా డిపోలో ఆడవాళ్ళందరికీ ఇలాంటివే కావాలి, కానీ జిప్పుతో. కుడతానంటే రేపు సాయంత్రంలోగా ఫోను చెయ్యి. లేదంటే కాకినాడలో కొనుక్కుంటాం."

తాయారు నోరు విప్పేలోపే డ్రైవరు హారను కొట్టాడు. రత్నం పరుగెత్తింది.

డిపో ఆడవాళ్ళందరి భుజాన తన సంచి! తాయారుకి ఆ రోజు అన్నం సయించలేదు. కోరిక ఎంత ఉందో, భయమూ అంతే ఉంది.

మర్నాడు పొద్దున్నే, భయపడుతూనే ఒక జిప్పు కుట్టింది. గుడ్డని లాగి లాగి కుట్టిందేమో, వంకర్లు పోయింది. "ఇదేమిటే, జెర్రిపోతులా పాకుతోంది?" అంది అత్తగారు.

ఆ తర్వాత రెండో జిప్పు. ఈసారి ముందు చేత్తో పొడుగు కుట్లు వేసి నిలబెట్టి, అప్పుడు మిషను మీద కుట్టింది. గీత గీసినట్టొచ్చింది! ఆ సంతోషంలో లోపలి గుడ్డ కూడా పెట్టి చుట్టూ కుట్టేసింది. ఇప్పుడు సంచిని తిరగేయాలి కదా, మంచివైపు బయటికి రావాలి కదా. రాలేదు. జిప్పు మూసి ఉంది, దాన్ని లాగే పిడి లోపల చిక్కుకుపోయింది.

"అమ్మా, సంచి అలిగింది! నోరు తెరవట్లేదు!" అన్నాడు పండు.

"నా వల్ల కాదు" అని తాయారు లేచిపోయింది.

కాసేపటికి పండుగాడు వీధిలో మట్టంతా పూసుకొచ్చాడు. స్నానానికి నిలబెట్టి వాడి నిక్కరు కిందకి లాగిందా, అది తిరగబడి చేతిలోకి వచ్చింది. తాయారు దాన్ని చూస్తూ అలాగే ఉండిపోయింది. నడుం దగ్గర తెరిచి ఉంది కాబట్టే కదా తిరగబడింది! సంచి నోరూ ముందే తెరిచి ఉంచాలి!

"అమ్మా, చలేస్తోందే!" అని వాడి గోల వాడిది.

అప్పుడు మూడో జిప్పు. సగం తెరిచి పెట్టి చుట్టూ కుట్టింది. లోపలి గుడ్డలో వదిలిన సందులోంచి వేళ్ళు పెట్టి లాగింది. ఒక మూల వచ్చింది, రెండో మూల వచ్చింది, సంచంతా బయటికొచ్చి ఒళ్ళో కూర్చుంది. ఆ సందుని కూడా కుట్టేసింది. జిప్పు లాగితే జుయ్యిమంది!

అత్తగారు దాన్నిండా చింతపిక్కలు పోసి చాటలా కుదిపింది. మొగుడు సూరపరాజు సైకిలుకి తగిలించి గట్టు మీద గతుకుల్లో తిప్పాడు. పండు గోడెక్కి కిందకి విసిరాడు. ఒక్క పిక్క రాలితే ఒట్టు!

"అత్తయ్యా, ఇన్నాళ్ళూ నాకు జిప్పంటే భయమండీ" అంది తాయారు, నవ్వుతూ.

"తెలుసులేవే. కొన్న జిప్పులన్నీ కందిపప్పు డబ్బా అడుగున దాచావు. ఆ డబ్బాలో పప్పు పోసేది ఎవరనుకున్నావు?"

అప్పటికి పొద్దు వాలుతోంది. "అలిసిపోయావు, రేపు మాట్లాడుదువులే" అన్నాడు సూరపరాజు.

"రేపేమిటండీ! రత్నక్కకి ఇప్పుడే చేస్తాను" అని తాయారు చేతికంటిన దారప్పోగులు దులుపుకుని, ఫోను అందుకుంది.

కథ కంచికి, జిప్పు సంచికి, మనమిద్దరం నిద్దరింటికి.