ఉతక్కుండానే పోయిన రంగు

పెడనలో కలంకారీ దుప్పట్లు అద్దించే భావనారాయణ అనే వ్యాపారి ఉండేవాడు. నిఘంటువులో మొదటి అర్థం కనబడగానే పుస్తకం మూసేసే తొందర మనిషి. అతన్ని వెక్కిరించే అర్హత నాకు లేదు. నాకు వచ్చిన స్పానిష్ ఈ కథలోని రెండు మాటలే, అందులోనూ ఒకటి తప్పు.

ఆ ఏడాది దుప్పట్లు సరిగా అమ్ముడుపోలేదు. షెడ్డులో అద్దకం బల్లలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. అలాంటప్పుడు స్పెయిన్ నుంచి మార్తా అనే దుకాణందారు సరుకు చూడటానికి వస్తోందని కబురు వచ్చింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు.

"ఈ బేరం కుదిరితే షెడ్డు నిలుస్తుంది. లేకపోతే తాళమే" అంది అతని వదిన నాంచారమ్మ. షెడ్డులో సగం వాటా ఆవిడదే.

"మీరు కంగారుపడకండి వదినా. ఆవిడ భాషలోనే చెప్తాను" అన్నాడు భావనారాయణ.

తమ రంగులు పోవని చెప్పాలి. పోని రంగును ఇంగ్లీషులో ఫాస్ట్ కలర్ అంటారని అతనికి తెలుసు. ఇంగ్లీషు-స్పానిష్ నిఘంటువులో ఫాస్ట్ అన్న మాట వెతికాడు. మొదట 'రాపిదో' అని ఉంది. పుస్తకం మూసేశాడు.

మార్తా వచ్చింది. ఎర్ర దుప్పటి ఒకటి తడిమి చూసి మురిసిపోయింది. అతను రంగు మీద వేలు పెట్టి "రాపిదో" అన్నాడు. ఆవిడ మొహం మారింది. వినబడలేదేమోనని ఇంకా గట్టిగా "రాపిదో, రాపిదో" అన్నాడు. ఆవిడ దుప్పటి మడిచిపెట్టి, సంచి భుజానికి తగిలించుకుంది.

"ఏం చెప్పావయ్యా, వెళ్లిపోతోంది?" అంది నాంచారమ్మ.

"మంచిమాటే చెప్పాను."

"అదేదో తెలుగులో చెప్పు."

"మన రంగు తొందర..." అని ఆగిపోయాడు. "తొందరగా పోతుందనుకున్నట్టుంది వదినా."

"బాగుంది. ఉతక్కుండానే రంగు పోగొట్టావు. ఆవిడకి టీ ఇచ్చి కూర్చోబెడతాను. నువ్వెళ్లి ఆ పుస్తకం కిందిదాకా చదువు."

ఈసారి వేలు పెట్టి చదివాడు. ఫాస్ట్ అంటే వేగం. ఫాస్ట్ అంటే ఉపవాసం. బేరం పోతే అదీ తప్పదనుకున్నాడు. ఫాస్ట్ అంటే గట్టిగా నిలిచేది. దాని పక్కన 'ఫిర్మె' అని ఉంది.

బకెట్టుతో నీళ్లు తెచ్చి, అదే దుప్పటిని ముంచి పిండాడు. "రాపిదో" అని తల అడ్డంగా ఊపి, "ఫిర్మె" అని నిలువుగా ఊపాడు. మార్తా బకెట్టులోకి తొంగిచూసింది. నీళ్లు తేటగా ఉన్నాయి. తనే ఇంకోసారి ముంచి పిండింది. తర్వాత నవ్వి, సంచి కింద పెట్టి, ఇంకో దుప్పటి విప్పమని సైగ చేసింది. సాయంత్రానికి ఖాళీ బల్లలన్నిటికీ పని దొరికింది.

నీతి: ఒక మాటకు చాలా అర్థాలున్నప్పుడు, చెప్పదలచుకున్నదేమిటో ముందు మన భాషలో తేల్చుకుని, దానికి సరిపోయే మాటనే ఎంచుకోవాలి.