నొప్పి తెలియని చోటు

విరూపాక్షానికి ఒకటే దిగులు. పేరిశాస్త్రి గారి దగ్గర వైద్యం నేర్చుకోవడానికి చేరి ఆరేళ్లయింది. గురువుగారు ఇంతవరకు ఒక్క రోగి బాధ్యత కూడా అతనికి అప్పగించలేదు.

నేర్చుకోవలసిందంతా నేర్చేసుకున్నానని అతని నమ్మకం. ఒంటి చర్మానికి ఏడు పొరలు. అవభాసిని, లోహిత, శ్వేత, తామ్ర, వేదిని, రోహిణి, మాంసధర. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా అప్పజెబుతాడు. వెంట్రుకలు మొలిచే గుంటలు రోమకూపాలు, చెమట పోసే దారులు స్వేదవాహినులు. గోరుచుట్టుతో మూలుగుతూ వచ్చిన మనిషిని కూర్చోబెట్టి "దీన్ని చిప్యం అంటారు" అనేవాడు. పేనుకొరుకుడుతో నెత్తి మీద జుట్టు ఊడినవాడికి "నీది ఇంద్రలుప్తం" అని చెబితే, వాడు ఏదో బిరుదు పుచ్చుకున్నట్టు మురిసిపోయి వెళ్లేవాడు. గురువుగారు ఆ పక్కనే పసరు నూరుకుంటూ ఉండేవారు. తలెత్తి చూసేవారు కాదు.

మాఘమాసంలో ఒకరోజు గురువుగారు పొరుగూరు వెళ్లారు. ఆ పొద్దుటే, శారదా నది ఒడ్డునున్న వాళ్ల వైద్యశాలకి ఒక మనిషిని మంచం మీద మోసుకొచ్చారు. పేరు సింహాద్రి, బెల్లం వండేవాడు. పొయ్యి గట్టు మీద కాలు జారి, కుతకుతలాడే పాకం పెనంలో ఛాతీ దాకా పడ్డాడు. బయటికి లాగేసరికి పాకం ఒంటికి పట్టేసింది.

మోసుకొచ్చినవాళ్లు అతన్ని చూడలేక దూరంగా నిలబడ్డారు. సింహాద్రి మాత్రం మాట్లాడుతున్నాడు. దాహం అన్నాడు. పెనంలో పాకం మాడిపోతోందేమో ఎవరైనా వెళ్లి చూడండన్నాడు.

విరూపాక్షం నీళ్లు పోసి పాకం వదలగొట్టాడు. నూరుసార్లు కడిగిన నెయ్యిలో తడిపిన గుడ్డలు కప్పాడు. తన చెయ్యి వణకడం లేదని గమనించుకుని లోలోపల సంతోషించాడు.

"నొప్పిగా ఉందా?" అని అడిగాడు.

"మెడకాడ మండిపోతంది బాబూ. కింద ఏటీ నేదు."

సింహాద్రి భార్య నూకాలు గుమ్మం బయటే కూలబడి ఉంది. విరూపాక్షం బయటికి రాగానే లేచింది.

"బాబూ, మా పైడమ్మని ఏటవతల మూడు కోసుల దూరం ఇచ్చినాం. ఒక్కతే కూతురు. కబురెట్టమంతారా?"

"ఎందుకమ్మా?" అన్నాడు విరూపాక్షం. "నొప్పి లేదని తనే చెబుతున్నాడు కదా. పై పొరలే కాలాయి, వేదిని దాకా పోలేదు. పది రోజుల్లో లేచి తిరుగుతాడు. ఉత్తపుణ్యాన పిల్లని హడలగొట్టకు."

ఆ మాటల్లో నూకాలుకి పది రోజులన్నది తప్ప ఏమీ అర్థం కాలేదు. ఆమెకి అదొక్కటీ చాలు. అతని కాళ్లకి దణ్ణం పెట్టింది. ఇరుగువాళ్లు తెచ్చిన గంజి అప్పుడు తాగింది.

మర్నాడు మధ్యాహ్నానికి గురువుగారు తిరిగొచ్చారు. కాళ్లు కడుక్కుని సరాసరి మంచం దగ్గరికి వెళ్లారు.

"ఈ ఏడు బెల్లం ఎలా ఉందోయ్, సింహాద్రీ?"

"బాగుంది బాబూ. చెరుకు మంచి తీపి మీదుంది." మాట కాస్త నెమ్మదించింది గానీ మనిషి తెలివిలోనే ఉన్నాడు. ఎన్ని పెనాలు వండిందీ చెప్పడం మొదలుపెట్టాడు.

వింటూనే గురువుగారు అతని కాళ్ల మీది గుడ్డ తొలగించారు. బొటనవేలి గోరు నొక్కి వదిలారు. ఎరుపు తిరిగి రాలేదు. తొడ మీద మిగిలిన ఒక వెంట్రుకని రెండు వేళ్లతో పట్టుకుని లాగారు. వెన్నలోంచి వచ్చినట్టు కుదురుతో సహా వచ్చేసింది. సింహాద్రి ఆ వైపే చూడలేదు, పెనాల లెక్క చెబుతూనే ఉన్నాడు. గురువుగారు ఇంకొకటి లాగారు. ఆ రెండూ విరూపాక్షం అరచేతిలో పెట్టి, మళ్లీ గుడ్డ కప్పారు.

విరూపాక్షం అరచేతిలోకి చూసుకున్నాడు. నొప్పి తెలిసే వేదిని పొర కూడా ఆ కింద చచ్చిపోయి ఉందని, అందుకే నొప్పి లేదని అతనికి అప్పుడు తెలిసింది.

బయటికొచ్చాక, "మందేమిటి?" అన్నాడు.

"గొంతు తడుపుతూ ఉందాం. సాయంత్రం దాకా ఉంటే గొప్ప." అన్నారు గురువుగారు. "కూతురుందటగా, కబురెళ్లిందా?"

విరూపాక్షం తల అడ్డంగా ఊపాడు.

గురువుగారు తన కాళ్ల చెప్పులు విడిచి అతని ముందుకి జరిపారు. "పరుగెత్తు," అన్నారు.

పైడమ్మ కళ్లంలో మినుములు చెరుగుతోంది. అయ్యకి బాగోలేదన్న మాట వినగానే చేట అక్కడే పడేసి, ఉన్నపాటున బయల్దేరింది. దారిలో సంగతంతా అడిగి తెలుసుకుంది.

"నిన్న కాలితే ఇయ్యాల కబురా? ఆపిందెవులు?"

"తొందరగా నడువమ్మా," అన్నాడు విరూపాక్షం.

మళ్లీ అడిగింది. మళ్లీ అదే అన్నాడు. మూడు కోసులూ ఆ ఒక్క మాటతో తప్పించుకున్నాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, జరిగింది అదే.

ఇద్దరూ ఏట్లో మోకాలి లోతు నీళ్లలో ఉండగా ఒడ్డు మీంచి నూకాలు ఏడుపు వినబడింది. పైడమ్మ ఒక్క క్షణం నీళ్లలో అలాగే నిలబడిపోయింది. తర్వాత పరుగెత్తింది.

"సివరిదాకా మాట్టాడేడే తల్లీ!" అని కూతుర్ని పట్టుకుని రోదించింది నూకాలు. "పైడి ఏరు దాటిందా, పైడి ఏరు దాటిందా అని అడుగుతానే ఉన్నాడు."

పైడమ్మ తండ్రి మొహం చూసింది. మొహానికి ఏమీ కాలేదు, నిద్రపోతున్న మనిషిలాగే ఉన్నాడు. ఆమె లేచి అందరివైపూ తిరిగింది.

"నిన్న నాకు కబురెట్టొద్దన్నదెవులు?"

నూకాలు విరూపాక్షం వైపు చూసి, చూపు దించేసుకుంది. విరూపాక్షం నేల చూస్తున్నాడు.

"నేనేనమ్మా," అన్నారు పేరిశాస్త్రి గారు.

పైడమ్మ ఆయన మీద పడింది. పై గుడ్డ పట్టి గుంజి, రెండు పిడికిళ్లతో ఛాతీ మీద బాదింది. "మా అయ్య నన్ను సూడకుండా పోనాడు! వద్దనడానికి నువ్వెవుడివి?" డెబ్బై ఏళ్ల మనిషి వెనక్కి తూలాడు గానీ చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఆపబోయినవాళ్లని దూరంగా ఉండమని సైగ చేశారు. ఆమె కొడుతూనే ఉంది.

"ఆయన కాదు."

ఆ గొంతు ఎవరిదో ముందు ఎవరికీ తెలియలేదు.

"ఆయన నిన్న ఊళ్లోనే లేరమ్మా," అన్నాడు విరూపాక్షం. "నేనే వద్దన్నాను. తెలియకపోయినా తెలిసినట్టు చెప్పాను."

పైడమ్మ చెయ్యి ఆగింది. అతని దగ్గరికొచ్చి మొహంలోకి చూసింది. అతను తల దించలేదు.

"మూడు కోసులు నా పక్కనే నడిసేవు గదా," అంది.

వెళ్లి తండ్రి తల దగ్గర కూర్చుంది.

మర్నాడు పొద్దున గురువుగారి ఛాతీ మీద కమిలి నల్లబడ్డ చోట విరూపాక్షం ఆముదం రాస్తున్నాడు. రాస్తూనే అడిగాడు.

"నా తప్పు మీరెందుకు మీదేసుకున్నారు?"

"ఆ పిల్ల కోపానికి అక్కడో మనిషి కావాలి," అన్నారు గురువుగారు. "నువ్వు ముందుకొచ్చేదాకా నేను నిలబడ్డాను."