కారం అంటని చేతులు

ఓంకారయ్య గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వెతుక్కునేవారు. కూర్చున్నచోట జవాబు చెప్పడం ఆయనకు చేతకాదని శిష్యులు చాటుగా నవ్వుకునేవారు. అయినా "పద, చూసొద్దాం" అనే ఆ ఒక్క మాట కోసం ఎంత దూరం నుంచైనా వచ్చేవారు. అందరూ ఆయన్ను అయ్యవారనే పిలిచేవారు. ఆ శిష్యుల్లో గుంటూరు మిర్చి వర్తకుడు పోలిశెట్టి వీరభద్రం ఒకడు.

వీరభద్రం మంచివాడే. ఆ మాట ముందే చెప్పెయ్యాలి, లేకపోతే ఈ కథలో అతనికి అన్యాయం జరుగుతుంది. అతనూ, మరో నలుగురు వర్తకులూ కలిసి ఊరి చివర తమ కోల్డ్ స్టోరేజీ పక్కనే ఒక బడి కట్టించారు. మిరపకాయల తొడిమలు తీసే పనికి కర్నూలు పల్లెల నుంచి వలస వచ్చిన ఆడవాళ్ల పిల్లల కోసం ఆ బడి. పుస్తకాలు, బట్టలు, మధ్యాహ్నం భోజనం అన్నీ వీళ్లే ఇస్తున్నారు. ఆ ఏడు ఇంకో అడుగు ముందుకు వేసి, ఐదో తరగతి ఆడపిల్లలకు పరీక్ష పెడతామనీ, నెగ్గిన ఆరుగురిని హాస్టల్లో ఉంచి డిగ్రీ దాకా చదివిస్తామనీ మాటిచ్చారు. అందరిలో ముందు నిలబడి పని నడిపించింది వీరభద్రమే. పరీక్ష రోజు పొద్దున్నే అతను అయ్యవారి దగ్గరికి మొహం మాడ్చుకుని వచ్చాడు.

"అయ్యవారూ, పేదరికం తాత నుంచి మనవడి దాకా ఎందుకు దిగుతోందండీ? బడి కట్టాం, అన్నం పెడుతున్నాం. హాజరుపట్టీలో నలభై పేర్లుంటే వచ్చేది పదిహేనుమంది. అసలు వాళ్ల తల్లులకే పట్టదు. మేం ఇంకా ఏం ఇస్తే ఇది తెగుతుంది?"

అయ్యవారు చెప్పులు వెతుక్కున్నారు.

కారు దిగి బడికి వెళ్లాలంటే తొడిమలు తీసే షెడ్డులోంచే నడవాలి. అరవైమంది ఆడవాళ్లు కొంగులు ముక్కులకు చుట్టుకుని ఎర్రటి కుప్పల ముందు కూర్చుని ఉన్నారు. ఘాటుకు అయ్యవారికి దగ్గు తెర వచ్చింది. వీరభద్రానికి మాత్రం ఆ గాలి ఇంటి గాలే. ఏ కుప్ప పక్కనుంచి వెళ్లినా అతని చెయ్యి ఊరుకోదు. నడుస్తూనే ఒక కాయ తీసి, విరిచి, గింజలు వేళ్ల మధ్య నలిపి, రంగు చూసి, వాసన చూసి పారేశాడు. రుమాలుతో వేళ్లు తుడుచుకున్నాడు. ఆ పని చేసినట్టు అతనికి గుర్తుకూడా ఉండి ఉండదు.

బడి గేటు దగ్గర కాపలా మనిషి ఒక పదకొండేళ్ల పిల్లను ఆపి ఉంచాడు. ఆ పిల్ల పేరు సుంకులమ్మ. ఒక చేతిలో పెన్ను, చంకలో పది నెలల తమ్ముడు.

"ఎందుకాపావు? పరీక్ష మొదలైందా లేదా?" అని వీరభద్రం అడిగాడు.

"ఇప్పుడే గంట కొట్టారండి. చంటిపిల్లలతో లోపలికి పంపొద్దని రూలు కదండీ."

"ఎవరు పెట్టారా రూలు?"

కాపలా మనిషి కాస్త తటపటాయించి, "తమరేనండి," అన్నాడు.

సుంకులమ్మ వీరభద్రం వైపు తిరిగింది. "వీడు ఏడ్వడు సార్, నా ఒళ్లో గమ్మునుంటాడు. వచ్చే ఏడు నన్ను రాయనీరంట, వయసు దాటిపోతాదంట."

వీరభద్రానికి జాలేసింది. కానీ లోపల తలలు వంచుకుని రాస్తున్న మిగతా పిల్లలు కనిపిస్తున్నారు. చంటివాడు గోల పెడితే వాళ్ల గతేమిటి? అతను ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాడు.

"నువ్వెత్తుకో వీరభద్రం. రెండు గంటలే కదా," అన్నారు అయ్యవారు.

వీరభద్రం సంతోషంగానే చేతులు చాపాడు. "నిలబడితే ఏడుస్తాడు సార్, నడుస్తా ఉండల్ల," అని ఒకటికి రెండుసార్లు చెప్పి ఆ పిల్ల లోపలికి పరుగెత్తింది. అతను వరండాలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. తన పిల్లలను కూడా అతను ఇంతసేపు ఎత్తుకున్నవాడు కాడు. మనసు తేలికపడింది. నలుగురు వర్తకులూ ఇప్పుడు తనను చూస్తే బాగుండుననిపించింది. చంటివాడు అతని చొక్కా బొత్తాం పట్టుకుని లాగి, కిలకిలా నవ్వాడు. వీరభద్రం మురిసిపోయాడు. వాడి బుగ్గ నిమిరి, పెదవి మీద కారుతున్న చొంగను బొటనవేలితో తుడిచాడు.

వాడు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, గుక్కపెట్టి ఏడ్చాడు. బుగ్గ మీద నాలుగు వేళ్ల మేర ఎర్రగా కమిలింది. ముప్పై ఏళ్లుగా మిర్చితో బతికినవాడికి, రుమాలుతో తుడిస్తే కారం పోదని తెలియదా? తెలుసు. అతని వేళ్లకు మంట తెలియడం మానేసి ఏళ్లయింది, అంతే. ఆ ఏడుపు ఆనవాలు పట్టి షెడ్డులోంచి వాడి తల్లి ఉరుకుందమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. వచ్చి, రెండు బారల దూరంలో ఆగిపోయింది.

"ఎత్తుకో తల్లీ, తీసుకో," అని వీరభద్రం వాణ్ణి అందించబోయాడు.

ఆమె వెనక్కి జరిగింది. చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టుకుంది. "నావి అంతకంటే మంట సామీ. పొద్దున్నుంచి కాయల్లోనే ఉండాయి. సందేల నూనె రాసి కడుక్కునేదాకా పిల్లోణ్ణి నేను ముట్టను. మాయమ్మా ఇదే పని చేసింది. నా తమ్ముళ్లను నేనే ఎత్తుకుంటి, నేను బడికి పోల్యా. దీన్నన్నా పంపల్లని నాకు లేకనా సామీ?"

ఈలోపు సుంకులమ్మ కాగితం బల్ల మీదే వదిలేసి బయటికి వచ్చింది. "బయటికి పోతే మళ్లీ లోపలికి రానివ్వను" అని పంతులుగారు వెనకనుంచి అరుస్తున్నా తిరిగి చూడలేదు. తమ్ముణ్ణి లాక్కున్నట్టుగా తీసుకుని భుజాన వేసుకుంది. వాడు ఆమె మెడ పట్టుకుని వెక్కుతూ ఉండిపోయాడు. అంతమంది షెడ్డు మనుషుల్లో వాణ్ణి ముట్టుకోగల చేతులు ఆ పిల్లవే.

అయ్యవారు ముందుకు వచ్చి తన చేతులు చాపారు. సుంకులమ్మ ఇవ్వలేదు. ఆయన కుడిచెయ్యి పట్టుకుని, తిరగేసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఎడమచెయ్యీ చూసింది. అప్పుడు ఇచ్చింది.

"ఎన్ని రాశావమ్మా?"

"మూడు."

"ఎన్నిటికి?"

"పదికి."

"వెళ్లి మిగతావి రాయి."

పంతులుగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. వీరభద్రం "పోనివ్వండి," అన్నాడు. పిల్ల లోపలికి వెళ్లింది. తల్లి కాసేపు నిలబడి, పనికి పిలుపు రావడంతో తిరిగి తిరిగి చూసుకుంటూ షెడ్డులోకి నడిచింది. అయ్యవారు వరండా అరుగు మీద కూర్చుని, కాపలా మనిషి క్యారేజీలోని మజ్జిగలో పంచె చెంగు తడిపి చంటివాడి బుగ్గ మీద మెల్లగా అద్దసాగారు. ఏడుపు వెక్కిళ్లలోకి, వెక్కిళ్లు నిద్రలోకి దిగాయి.

వీరభద్రం ఆయన ఎదుట నిలబడ్డాడు. తన రెండు చేతులూ ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టుకున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. అలాగే, "నేనడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు అయ్యవారూ," అన్నాడు.

అయ్యవారు లోపల గోడ గడియారం వైపు చూశారు.

"పన్నెండింటికి ఆ పిల్ల బయటికొచ్చి వీడి కోసం చేతులు చాపుతుంది," అన్నారు. "ఇచ్చెయ్యనా?"