దోసెడు ఆయుష్షు

అనగనగా అంటున్నాను, ఊఁ కొట్టండి. ఈ కథకి మీరు ఊఁ కొట్టకపోతే నాకే భయమేస్తుంది.

అనగనగా నీలగట్టు అనే రాజ్యం. దానికి మల్లభూపతి రాజు. ఇరవయ్యో ఏట గద్దెనెక్కాడు, మరుసటేడే జబ్బుచేసి మంచాన పడ్డాడు. వైద్యులు చేతులెత్తేశారు. రాజు మంచివాడు, జనానికి ఆయనంటే ప్రాణం. ఊరంతా కోట ముంగిట చేరి, రాగి గంగాళంలో తలా ఒక దోసెడు నీళ్ళు పోసి, "మా ఆయుష్షు పోసుకుని బతుకు, దొరా" అన్నారు. ఆ నీళ్ళతో స్నానం చేయించగానే రాజు లేచి కూర్చున్నాడు.

అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! నారప్ప మంత్రి ఊరుకోలేదు. ఏటా రాజుగారి పుట్టినరోజుకి ఇంట్లో ఎంతమందో అన్ని దోసిళ్ళు పడాల్సిందేనన్నాడు. మనిషి పోయినా అతని దోసెడు పోకూడదు, వారసులు పోయాలన్నాడు. కొన్నేళ్ళకి నారప్పే పోయాడు. అతని కొడుకూ పోయాడు. ఇప్పుడు మనవడు కన్నప్ప మంత్రి. రాజు మాత్రం నల్లటి మీసంతో అలాగే ఉన్నాడు. అదంతా తన పుణ్యమే అనుకున్నాడు, పాపం.

ఎంత పోసినా ఆ గంగాళం ఒక్కనాడూ పొంగలేదు. ఇంకో సంగతి చెప్పనా? నీళ్ళు పోసినవాడు పక్కకి జరిగినా, వాడి మొహం కాసేపు నీళ్ళలోనే ఉండేది. చూసినవాళ్ళు చూడనట్టే ఇంటికి పోయేవారు.

అలా రాజుగారికి ఎనభై ఒకటో ఏడు వచ్చింది. వెయ్యి పున్నములు చూసిన మనిషి కదా, సహస్ర చంద్ర దర్శనం చెయ్యాలన్నారు. ఊరంతా మామిడి తోరణాలు కట్టారు. అయితే పురోహితుడొక మాట చెప్పాడు. రాజుకన్నా పెద్దవారెవరైనా వచ్చి ఆయన తలమీద అక్షింతలు వెయ్యాలట.

మొదటిరోజు ఎనభై దాటినవాళ్ళ కోసం భటులు వెతికారు. ఒక్కరూ లేరు. పోనీ డెబ్బై దాటినవాళ్ళని తెమ్మన్నాడు రాజు. రెండోరోజూ ఒట్టి చేతులతో వచ్చారు. ఏ అరుగు మీదా ముసలి దగ్గు వినిపించలేదని, చేతికర్రలన్నీ మూలల్లో దుమ్ముకొట్టుకుని ఉన్నాయని చెప్పారు. రాజు ఈసారి తల నెరిసినవారు ఎవరైనా సరే తెమ్మన్నాడు.

మూడోరోజు సాలెవీధిలో ఒక్క తెల్లటి తల కనపడింది. భటులు ఎగిరి గంతేశారు. పట్టుశాలువా కప్పి, పల్లకీలో ఎక్కించి తెచ్చారు. వెనకాలే గురవమ్మ అనే నేతగత్తె ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది.

సభలో శాలువా తీశారు. లోపల ఏడేళ్ళ పిల్ల. పేరు పైడి. ముందుపళ్ళు ఇంకా ఊడుతున్నాయి, జుట్టు మాత్రం దూదిపింజ.

కన్నప్ప, శుభకార్యంలో ఈ అపశకునమేమిటని భటుల మీద విరుచుకుపడ్డాడు. గురవమ్మ అతన్ని లెక్కచెయ్యలేదు. రాజు ఎదుటికే వెళ్ళి నిలబడింది.

"మా అత్తింట్లో అయిదుగురు పోయారు దొరా. వాళ్ళ దోసిళ్ళు పోలేదు. వారసురాలని ఆ అయిదూ, తనదీ ఈ పసిదే పోస్తోంది. ఈ పండక్కి కూడా పోస్తే నా బిడ్డ నాకు దక్కదు."

రాజు గంగాళం దగ్గరికి నడిచాడు. ఎప్పుడూ కళ్ళు మూసుకుని స్నానం చేసేవాడే గాని, అందులోకి ఒక్కనాడూ తొంగిచూడలేదు. ఇప్పుడు చూశాడు. నీళ్ళనిండా మొహాలు. నారప్ప ఉన్నాడు. ముప్పై ఏళ్ళకే పోయిన తన కొడుకు కూడా ఉన్నాడు. రెప్ప వెయ్యకుండా తండ్రినే చూస్తున్నాడు.

రాజు ఒక దోసెడు నీళ్ళు తీసి పైడి చేతుల్లో పోశాడు.

"నీ ఆయుష్షు నువ్వే పోసుకో తల్లీ."

పిల్ల జుట్టు కుదుళ్ళ దగ్గర నల్లబడింది. రాజు మీసంలో ఒక తెల్ల వెంట్రుక మెరిసింది. రెండో దోసెడు పోశాడు, నుదురు ముడతలు పడింది. మూడోది పొయ్యబోతుంటే కన్నప్ప చెయ్యి పట్టుకుని వద్దన్నాడు. రాజు విదిలించుకుని ఆరూ పోశాడు. పైడి జడ నల్లగా నిగనిగలాడింది. తరవాత కోట తలుపులు తీయించి, వచ్చినవాళ్ళందరికీ దోసెడేసి తిరిగిచ్చాడు. పొద్దు వాలేసరికి ఆయనకి నడుం వంగింది, పళ్ళు ఊడాయి.

పోయినవాళ్ళ మొహాలు మాత్రం గంగాళంలోనే ఉండిపోయాయి. తిరిగి అందుకోవడానికి వాళ్ళకి చేతులేవీ? రాజు తన కొడుకు మొహం చూస్తూ చాలాసేపు ఏడ్చాడు.

అక్షింతలు పళ్ళెంలోనే మిగిలాయి. వేసే పెద్ద ఎవరూ దొరకలేదు కదా. పైడి ఆ పళ్ళెం తెచ్చి, ముసలిరాజు ముందు తల వంచింది.

"నువ్వే వెయ్యి, తాతా."

అరవై ఏళ్ళుగా ఆ కోటలో వినపడని పిలుపది. రాజు వణికే వేళ్ళతో ఆ నల్లటి తలమీద అక్షింతలు చల్లాడు. నీలగట్టులో ఆయనకి జరిగిన సన్మానం అదొక్కటే.

కథ కంచికి పోయింది. గంగాళం మాత్రం ఇంకా ఆ కోటలోనే బోర్లించి ఉందట, మీరు అటు వెళ్ళకండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: తన ఏళ్ళ బరువు తానే మోసి, పిల్లల ఏళ్ళు పిల్లలకి వదిలినవారికే పెద్దరికం దక్కుతుంది.